ఎడమవైపు బటన్లు

మా బావని వీధిలో అందరూ మిల్లీమీటర్ అంటారు. దుకాణాలకి బోర్డులు తయారుచేయడం ఆయన పని. యాక్రిలిక్ అక్షరాలు కోసే లేజర్ ఒకటి, చెక్క కోసే రౌటర్ మెషిన్ ఒకటి ఉన్నాయి. ఆయన కొలత చెప్పాడంటే మళ్లీ టేపు పట్టి చూడక్కర్లేదని పేరు. "నా బోర్డు తిన్నగానే ఉంది, మీ గోడే వంకర" అని యజమాని మొహాన చెప్పి వచ్చే మనిషి.

నేను ఆయన బావమరిదిని. టీవీలూ మానిటర్లూ బాగుచేస్తాను. చుట్టరికం కంటే ముందు మాది స్నేహం. ఇరవయ్యేళ్ల వయసులో ఒక వీడియో గేముల దుకాణంలో ఒకే మెషిన్ ముందు వంతుకోసం నిలబడి పరిచయమయ్యాం. పైనుంచి రాళ్లు పడుతుంటాయి, కిందున్న ఓడని అటూ ఇటూ జరుపుకుంటూ వాటిని కాల్చాలి. ఆ మెషిన్‌కి జాయ్‌స్టిక్ ఉండేది కాదు. ఓడని జరపడానికి ఎడమ చేతి కింద రెండు బటన్లు, కాల్చడానికి కుడి చేతి కింద రెండు బటన్లు, అంతే. ఆ ఆటలో బావని నేను ఒక్కసారి కూడా ఓడించలేదు. నన్ను ఆటకి పిలుచుకెళ్లడానికి మా ఇంటికి వచ్చే మనిషి, కొన్నాళ్లకి నేను ఇంట్లో లేని సమయం చూసుకుని రావడం మొదలుపెట్టాడు. అలా మా అక్క మొగుడయ్యాడు.

పోయిన ఏడాది ఆ పాత భవనం పడగొడుతున్నారని తెలిసి ఇద్దరం చూడ్డానికి వెళ్లాం. మెషిన్లు ఎప్పుడో పోయాయి. అవి ఏళ్ల తరబడి నిలబడ్డ చోట నేలమీద నలుచదరపు మచ్చలు మిగిలాయి. బావ జేబులోంచి టేపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని ఒక మచ్చని కొలిచాడు.

"అరవై మూడున్నర, ఎనభై రెండు. అడుగుభాగం కొలత దొరికింది. మిగతాది మనం గుర్తు తెచ్చుకుంటే చాలు," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికే ఆ పెట్టెని మళ్లీ తయారుచేయాలని ఇద్దరం తీర్మానించేసుకున్నాం.

కంప్యూటర్‌లో బావ పక్క పలక ఆకారం గీశాడు. తెర ఎంత వాలుగా ఉండేది, చేతులు ఆనించే పలక ఎంత ఎత్తులో ఉండేది అని ప్రతి ఆదివారం వాదనే. ముందు అట్టతో నిలువెత్తు నమూనా కోసి, దాని ముందు ఇద్దరం నిలబడి చూసుకున్నాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయిగాని బటన్లు చేతికి అందలేదు. ఎందుకా అని తలలు బద్దలు కొట్టుకుంటుంటే అక్క వచ్చి చూసి, "అప్పట్లో మీకీ పొట్టలు లేవు కదా," అని వెళ్లిపోయింది. బావ పలకని ఆరు సెంటీమీటర్లు ముందుకు జరిపి గీశాడు.

ప్లైవుడ్ పద్దెనిమిది మిల్లీమీటర్లని అమ్ముతారుగాని నిజానికి అంత ఉండదు. బావ షీటుని పదిచోట్ల కొలిచి, పదిహేడూ పాయింట్ నాలుగని తేల్చి, దానికి తగ్గట్టు గాడులన్నీ మళ్లీ గీశాడు. మేకులు లేకుండా పలకలు ఒకదాంట్లో ఒకటి దూరి బిగుసుకోవాలని ఆయన పట్టు. రౌటర్ ఒక మధ్యాహ్నమంతా గీపెట్టింది. దుకాణం నిండా సన్నటి చెక్క పొడి. చివరికి పలకల్ని నిలబెట్టి అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తే టక్కున కూర్చున్నాయి. పైన వెలిగే బోర్డు మీద ఏం రాయాలన్న దానికి మాత్రం వారం తగువైంది. "పనికిమాలిన పెట్టె అని రాయండి, సరిపోతుంది," అంది అక్క. బావ నిజంగానే ఆకుపచ్చ యాక్రిలిక్‌లో ఆ రెండు ముక్కలూ కోసి, వెనక దీపాలు పెట్టేశాడు.

పక్క పలకల మీద రంగుల స్టిక్కర్ అంటించేటప్పుడు ఒక విచిత్రం జరిగింది. స్టిక్కర్ అంటించడం బావకి మంచినీళ్లు తాగినంత పని. ఎడమ చేత్తో లాగిపట్టుకుని కుడి చేత్తో రుద్దుకుంటూ పోతాడు, గాలిబుడగ అన్నది ఉండదు. ఆ రోజు ఎడమవైపు పొడుగునా ముడతలు వచ్చాయి. పీకి మళ్లీ అంటించాడు. మళ్లీ ముడతలే.

"ఈ రోల్ బాగాలేదు," అన్నాడు.

"బాగాలేనట్టే ఉంది," అన్నాను నేను.

ఇంకో రోల్ తెచ్చాం. ఈసారి ఎడమ అంచు నేను పట్టుకున్నాను, శుభ్రంగా వచ్చింది. రోలే చెడ్డదని ఇద్దరం నమ్మేశాం.

నా దుకాణంలోని పాత మానిటర్, అరచేయంత కంప్యూటర్ బోర్డు, బటన్లు అన్నీ బిగించి వైరింగ్ పూర్తిచేశాను. ప్రోగ్రాములు రాసే స్నేహితుడొకడు మా ఆటని పోలిన ఆట తయారుచేసి ఇచ్చాడు. పెట్టెని అక్క వాళ్ల ముందుగదిలో పెట్టి స్విచ్ వేశాం. బావ మొదట ఆడాడు, తర్వాత నేను. నేను గెలిచాను.

పాతికేళ్ల తర్వాత మొదటిసారి గెలిచాను. రెండో ఆట కూడా నాదే. మూడోదీ నాదే. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఒక కాగితం మీద స్కోర్లు రాసి, నా పేరు పక్కన కిరీటం బొమ్మ వేసి, వాళ్ల ఫ్రిజ్ తలుపుకి అంటించాను. పది రోజుల్లో ఆ కాగితం మీద పదకొండు వరసలయ్యాయి. పదకొండూ నావే.

"ఎడమవైపు బటన్లు ఆలస్యంగా పనిచేస్తున్నాయిరా," అన్నాడు బావ ఒకరోజు.

మీటర్ పెట్టి చూశాను. బటన్లు బాగానే ఉన్నాయి. అదే చెప్పాను.

"నీ మీటర్‌కి తెలీదు. నేను నొక్కాక ఓడ కాసేపాగి కదులుతోంది. నీ వైరింగ్‌లోనే ఏదో ఉంది."

"నేను ఆడితే ఆగట్లేదే?"

"నీకంత తేడా తెలీదులే."

నాకు ఒళ్లు మండింది. పనిలో ఆయనకెంత పేరుందో నాకూ అంత ఉంది. "ఆడలేక మద్దెల ఓడు అని నీలాంటివాణ్ణి చూసే అనుంటారు బావా," అన్నాను. "ఓడిపోయావు. ఒప్పుకో."

బావ పెట్టె స్విచ్ ఆపేసి లోపలికి వెళ్లిపోయాడు. తొమ్మిది రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

పదో రోజు అక్క ఫోన్ చేసింది. "ఈ మనిషి ఆ బటన్ల పలకని పీకి, దుకాణానికి తీసుకెళ్లి మళ్లీ కొత్తది కోసుకొచ్చారు. కన్నాలు బిగుతుగా ఉన్నాయేమోనట. అయినా ఇంకా లేటే అంటున్నారు. అన్నం దగ్గర కూడా ఇదే గోల. మీ తగువు చిన్నపిల్లల తగువుకంటే అన్యాయంగా ఉంది. నువ్వొచ్చి తేల్చు."

తేల్చడానికే వెళ్లాను. ఆట రాసిచ్చిన స్నేహితుణ్ణే అడిగి ఒక పరీక్ష రాయించుకున్నాను. తెరమీద కుడివైపో ఎడమవైపో ఒక తెల్లటి చుక్క వెలుగుతుంది. వెలగగానే అటువైపు బటన్ నొక్కాలి. ఎంత ఆలస్యమైందో సెకనులో వెయ్యో వంతు దాకా లెక్కగట్టి చూపిస్తుంది. నా వైరింగ్ మీద పడ్డ నింద ఆ అంకెలతో తుడిచేసుకుందామని నా ఉద్దేశం.

ఆదివారం ఉదయం. ముందు నేను నొక్కాను. కుడి రెండువందల డెబ్బై, ఎడమ రెండువందల ఎనభై. పదిసార్లు నొక్కినా ఇంచుమించు అంతే.

"చూశావుగా," అన్నాను.

బావ నిలబడ్డాడు. కుడి రెండువందల అరవై. ఎడమ నాలుగువందల ముప్పై. మళ్లీ నొక్కాడు. ఎడమ నాలుగువందల యాభై.

"ఇదిగో, నీ కళ్లముందే," అన్నాడు గెలిచినవాడిలా. నిజంగానే మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లుగా తను చెబుతున్నది అబద్ధం కాదని అంకెలు చెప్పాయి మరి.

నాకు అయోమయంగా ఉంది. రిపేరు పనిలో మాకొక పద్ధతి ఉంది. అనుమానం ఉన్న భాగాన్ని మంచిదాంతో మార్చి చూస్తాం. లోపం దేని వెంట వెళ్తే దోషం దానిది. ఎడమవైపు స్విచ్‌లు తీసి కుడివైపు, కుడివైపువి ఎడమవైపు పెట్టాను. ఆలస్యం ఎడమవైపే ఉంది. వైర్లు మార్చాను. ఎడమవైపే. బోర్డుకి కలిపే చోట మార్చాను. అయినా ఎడమవైపే.

అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, తనూ ఒకసారి నొక్కి చూసింది. తనకి రెండువైపులా మూడువందలే వచ్చింది.

"వైర్లు మార్చారు, స్విచ్‌లు మార్చారు," అంది. "చేతులు మార్చి చూడలేదేం?"

ఆ మాటలో ఏ భయమూ లేదు. పప్పులో ఉప్పు వేశావా అని అడిగినంత మామూలుగా అంది. బావ నవ్వి, చేతులు కత్తెరలా అడ్డంగా వేసి, కుడి చెయ్యి ఎడమ బటన్ మీద, ఎడమ చెయ్యి కుడి బటన్ మీద పెట్టాడు. చుక్క వెలిగింది.

ఎడమ బటన్ రెండువందల అరవై అయిదు.

కుడి బటన్ నాలుగువందల నలభై.

బావ చేతులు తీయలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ. పదిసార్లయ్యాక తెరమీద రెండు వరసల అంకెలు నిలబడ్డాయి. లోపం బటన్‌ని వదిలేసి ఆయన ఎడమ చేతి వెంట వెళ్లిపోయింది.

నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. కత్తివేటుకి నెత్తురుచుక్క లేదంటారే, అక్క మొహం అలా అయిపోయింది. బావ ఒక్కడే తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"తిమ్మిరెక్కి ఉంటుంది," అన్నాడు. "రాత్రి ఆ పక్కకే తిరిగి పడుకున్నా."

"ఎన్ని రాత్రులు?" అంది అక్క.

అక్క కుర్చీలో కూర్చుంది. కూర్చుని, ఎవరితోనూ కాకుండా తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది: "పోయిన నెల గాజు గ్లాసులు రెండు పగిలాయి. రెండూ ఆ చేతిలోంచే."

నాకు స్టిక్కర్ ముడతలు గుర్తొచ్చాయి. మేం పారేసిన రోల్ మంచిదే. ఎడమకాలి చెప్పు జారిపోయినా తెలియక బావ నా దుకాణం దాకా ఒంటిచెప్పుతో నడిచొచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు నేను కడుపుబ్బ నవ్వాను, వచ్చిన ఖాతాదార్లకి కూడా చెప్పి నవ్వించాను.

"చొక్కా గుండీలు నన్ను పెట్టమంటున్నారు ఈమధ్య," అంది అక్క. తమ్ముణ్ణి ఎదురుగా ఉన్నానన్న సంగతి కూడా మరిచిపోయింది. "సరసం అనుకున్నాను."

మర్నాడే నరాల డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆవిడ మా బటన్ల కథంతా ఓపిగ్గా విని, నేను రాసుకెళ్లిన అంకెలు చూసి, బావని మంచం అంచున కూర్చోబెట్టారు.

"రెండు చేతులూ ముందుకి చాపండి. అరచేతులు పైకి. కళ్లు మూసుకోండి. చేతులు కదపకండి."

బావ చాపాడు. కాసేపటికి ఎడమ చెయ్యి దానంతటది లోపలికి తిరుగుతూ మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. జానెడు దిగింది.

"ఇప్పుడు మీ చేతులు ఎలా ఉన్నాయో చెప్పండి. ఒకే ఎత్తులో ఉన్నాయా?"

"ఉన్నాయండి," అన్నాడు బావ కళ్లు మూసుకునే. "ఒక్క మిల్లీమీటర్ తేడా లేదు."

అక్క చీరకొంగు నోట్లో కుక్కుకుంది. నేను గోడవైపు తిరిగిపోయాను. కంటిచూపుతో గోడ వంకర పట్టేసే మనిషి ఆయన. కళ్లు తెరవమన్నాక ఆయన తన చేతిని చూసుకున్న చూపు నేను జన్మలో మరిచిపోలేను. ఎవరి చెయ్యో తెచ్చి తన భుజానికి తగిలించినట్టు చూశాడు.

సాయంత్రానికి స్కాన్ వచ్చింది. తలకి కుడివైపు, ఎముక కింద, తెల్లగా గుండ్రంగా ఒక గడ్డ. పెద్ద నిమ్మకాయంత ఉంది.

"మెదడు మీద కప్పి ఉండే పొరలోంచి పుట్టింది," అన్నారు డాక్టరుగారు. "ఎడమ చేతిని కదిపించే చోటుని నొక్కుతోంది. చూడ్డానికి కేన్సర్‌లా లేదు, తీశాక పరీక్ష చేస్తేగాని గట్టిగా చెప్పలేం. నెమ్మదిగా పెరిగే రకం. ఏడెనిమిదేళ్ల నించి ఉండుంటుంది."

ఏడెనిమిదేళ్లు. మేం ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్న భోజనాలన్నిట్లోనూ నాలుగోదిగా అది కూడా కూర్చుందన్నమాట.

"ఎన్ని మిల్లీమీటర్లండి?" అని అడిగాడు బావ.

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, "ముప్పై ఎనిమిది," అన్నారు. బావ తల ఊపాడు, కొలత తెలిశాక సగం పని అయినట్టే అన్నట్టు. ఆవిడ మళ్లీ స్కాన్ వైపు తిరిగి, "సాధారణంగా ఫిట్స్ వచ్చి పడిపోయాక తెచ్చేవాళ్లే ఎక్కువ. మీరు ఏ పని చేస్తారన్నారు?" అని అడిగారు.

చెప్పాను. రౌటర్‌లో ఉండేది నిమిషానికి పద్దెనిమిది వేలసార్లు తిరిగే కట్టర్. ఆవిడ పెన్ను కిందపెట్టేశారు. "రేపటినించి ఆ మెషిన్ దగ్గరికి వెళ్లకండి," అని మాత్రం అన్నారు.

ఆపరేషన్‌కి వారం టైమిచ్చారు. ఆసుపత్రిలో చేర్చాక బట్టలు తేవడానికి నేను వాళ్లింటికి వెళ్లాను. ఫ్రిజ్ మీద కాగితం అలాగే ఉంది. పదకొండు వరసలు, నా పేరు, నా కిరీటం. ఆ పదకొండుసార్లూ ఆయన చెయ్యి ఆయన మాట వినలేదు, నేను ఆ పక్కనే నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. కాగితాన్ని ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాను. చెత్తబుట్టలో వేస్తే అక్క చూస్తుందని భయమేసింది.

ఆపరేషన్ రోజు పొద్దున్న బావ తల గొరిగించుకుని మంచం మీద కూర్చున్నాడు.

"బావా, ఆ రోజు నేనన్న మాట..."

"ఏ మాట?"

"మద్దెల మాట."

"నువ్వా మాట అనకపోతే, వయసైపోయిందిలే, ఓడిపోతున్నాలే అని వదిలేసేవాణ్ణిరా. నాకు మండింది కాబట్టే పట్టుకు కూర్చున్నా," అన్నాడు. తర్వాత, "అలాగని క్షమించాననుకోకు. బయటికి రానీ, నీ సంగతి చెప్తా," అన్నాడు.

ఏడు గంటలు పట్టింది. గడ్డ మొత్తం వచ్చేసిందని చెప్పారు. మేం ఊపిరి పీల్చుకుని లోపలికి వెళితే, బావ మెలకువలోనే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, కానీ ఎడమ చెయ్యి అస్సలు కదలడం లేదు. ఆలస్యంగా కదలడం వేరు, కదలకపోవడం వేరు. ఇందాకటి దాకా సగమైనా ఉన్న చెయ్యి, మేమే తీసుకొచ్చి పూర్తిగా పోగొట్టామా అనిపించింది నాకు. వాపు వల్ల అలా ఉంటుంది, తగ్గాక చూద్దాం అన్నారు డాక్టరుగారు. మూడు రోజులు అక్క ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాలుగో రోజు మధ్యాహ్నం చిటికెనవేలు అక్క గాజుని తట్టింది. అక్క ఎవరినీ పిలవలేదు. ఇంకోసారి తడుతుందేమోనని చూసి, తట్టాకే నాకు చెప్పింది.

కేన్సర్ కాదని కాగితం వచ్చింది. ఆరు వారాలకి బావ ఇంటికొచ్చాడు. ఆ పెట్టెని చూస్తే అక్క తట్టుకోలేదేమో అనుకుని, నా దుకాణానికి తీసుకుపోతానన్నాను. "కదిపావంటే ఊరుకోను," అంది. వ్యాయామం చేయించే ఆయన నేర్పిన కసరత్తులు అయ్యాక రోజూ బావ దాని ముందు నిలబడి చుక్కకోసం చూసేవాడు. మొదట ఎడమ చెయ్యి ఆరువందలు. ఆపైన అయిదువందలు, నాలుగువందలు. మూడువందల నలభై దగ్గర ఆగిపోయింది. మూడు నెలలుగా అక్కడే ఉంది. ఇక ఇంతే కావచ్చన్నారు డాక్టరుగారు. బావ మళ్లీ పనిలోకి వెళుతున్నాడు. డ్రాయింగ్ తను గీస్తాడు, మెషిన్ దగ్గర మాత్రం కొత్తగా పెట్టుకున్న ఆపరేటర్ నిలబడతాడు. ఆటలో నేను ఇప్పుడు కూడా గెలుస్తున్నాను, కానీ స్కోర్లు రాయడం మానేశాను. "రాయవేంరా, నేనేం ఏడవను," అంటాడు. నాకు చేతులు రావు.

అక్క సంగతే వేరు. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ పెట్టె దగ్గరికి తీసుకెళుతుంది. పక్కింటి పెద్దాయన, పార్సిల్ తెచ్చే అమ్మాయి, చివరికి వ్యాయామం చేయించే ఆయన కూడా రెండు చేతులూ బటన్ల మీద పెట్టి, తర్వాత కత్తెరలా మార్చిపెట్టి నొక్కి చూపించాల్సిందే. ఆటేమో అనుకుని వాళ్లు నవ్వుతూ నొక్కుతారు. అక్క నవ్వదు. అంకెలు చూసి, రెండూ దగ్గరగా ఉంటేనే కుర్చీ చూపిస్తుంది.

నాకు ప్రతి ఆదివారం వంతు. తప్పించుకుందామని చూస్తాను, కుదరదు. వేళ్లు బటన్ల మీద పెట్టుకుని నిలబడతాను. తెర నల్లగా ఉంటుంది. చుక్క ఎటువైపు వెలుగుతుందో తెలియదు. ఆ రెండు మూడు క్షణాలూ నా చేతులు నావేనా అన్న అనుమానంతో అరచేతులకి చెమటపడుతుంది. బావ సోఫాలోంచి నన్ను చూస్తూ ఉంటాడు. ఆ క్షణం ఎలా ఉంటుందో మా ఇంట్లో నాకంటే ఆయనకే బాగా తెలుసు.